పాత సిస్టమ్... పదిలంగా ఉండాలంటే!

కరీంనగర్ టవర్ సర్కిల్ పక్క సందుల్లోనో, ఆదిలాబాద్ కలెక్టరేట్ దగ్గర్లోనో కాస్త పాతకాలం డీటీపీ సెంటర్‌లోకి తొంగిచూడండి. ప్రింటర్ కొత్తదే ఉంటుంది. మూలన మాత్రం దుమ్ముపట్టిన సీపీయూ ఒకటి గుర్రుమంటూ ఉంటుంది. ఆన్ చేయగానే పచ్చటి మైదానం, నీలాకాశం... విండోస్ ఎక్స్‌పీ! 2001లో వచ్చిన ఈ పెద్దాయన బాగోగులు ఇక చూడలేనంటూ మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న చేతులెత్తేసింది. అయినా మన పెళ్లి కార్డులు, దశదినకర్మ కార్డులు ఇంకా దాని కడుపులోంచే పుడుతుంటాయి.

మార్చొచ్చు కదా అంటారా? పిసినారితనం ఒక్కటే కాదు కారణం. తెలుగు డీటీపీ అంటే ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, అను ఫాంట్లే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాని తర్వాత అడోబ్ మరో వెర్షన్ తేలేదు. అను ఫాంట్లేమో యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే 'శుభలేఖ' కాస్తా పిచ్చిగీతలైపోతుంది. పదిహేనేళ్లుగా దాచుకున్న మ్యాటర్లు, యాపిల్ కీబోర్డుకి అలవాటుపడ్డ వేళ్లు... వీటన్నిటినీ ఒక్కరోజులో మార్చమంటే ఎలా?

కాబట్టి పాతదాన్ని పారేయమనడం తేలిక. దాంతోనే బతుకుతున్నవాళ్లకి అది సలహా కాదు. అసలు ప్రమాదం ఎక్కడుందో తెలిస్తే జాగ్రత్త దానంతటదే తెలుస్తుంది.

2017 మే 12న ప్రపంచాన్ని గడగడలాడించిన వానాక్రై గుర్తుందా? ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే ఆ రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలోకీ దూరింది. అది వాడుకున్న కన్నాన్ని పూడ్చే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోనివాళ్లే దొరికిపోయారు. ఇక్కడో ముచ్చట చెప్పుకోవాలి. కాస్పర్‌స్కీ లెక్క ప్రకారం బాధిత కంప్యూటర్లలో దాదాపు 98 శాతం విండోస్ 7వి. అప్పటికి దానికింకా సపోర్టు ఉంది! అంటే తప్పు వయసుది కాదు, పూడ్చని కన్నానిది. ఎక్స్‌పీ లాంటి వాటితో చిక్కేమిటంటే, వాటి కన్నాలు పూడ్చే నాథుడే లేడు. వానాక్రై అప్పుడు జాలిపడి ఎక్స్‌పీకీ ఒక ప్యాచ్ ఇచ్చారుగానీ, ప్రతిసారీ ఇవ్వరుగా! ఇదంతా ఎక్కడో పట్నాల గొడవ అనుకోవద్దు. 2019 మే మొదట్లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అందులో కరీంనగర్, ఆదిలాబాద్‌లకి కరెంటిచ్చే ఉత్తర డిస్కం కూడా ఉంది.

మరి ఏం చేయాలి? ముందుగా ఆ పాత సిస్టమ్‌కున్న నెట్ కేబుల్ పీకేయండి. వైఫై ఉంటే ఆపేయండి. సగం భయం అక్కడే పోతుంది. మెయిలు, వాట్సాప్, బ్యాంకు పనులకి అప్‌డేట్లు వచ్చే సిస్టమ్ వేరే ఉండాలి. కస్టమర్ పంపిన ఫైలు ముందు అందులోకి రావాలి. యాంటీవైరస్‌తో చూశాక, షాపు సొంత పెన్‌డ్రైవ్‌లో పాతదానికి చేరాలి. కస్టమర్ పెన్‌డ్రైవ్‌ని నేరుగా ఎక్స్‌పీకి గుచ్చితే మాత్రం... ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే వైరస్‌ని చూడని ఆపరేటర్ ఉంటాడా!

కాస్త ఓపికుంటే ఇంకో దారి ఉంది. కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ వేసి, దాని లోపల ఎక్స్‌పీని నడపొచ్చు. నెట్ కలపకుండా పేజ్‌మేకర్‌కే పరిమితం చేస్తే సరి. కేవలం నెట్ చూడటానికే పాత సిస్టమ్ వాడేవాళ్లు లినక్స్‌కి మారొచ్చు. సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ మన దేశానిదే. అయితే ప్రింటర్, వేలిముద్రల యంత్రం దాంతో పనిచేస్తాయో లేదో ముందే చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది బ్యాకప్. వారానికోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, వెంటనే తీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది.

షాపువాళ్ల ఫైళ్లు పోతే వాళ్లకే నష్టం. కానీ ఆ సిస్టమ్‌లో ఉన్నవి వాళ్లవి మాత్రమేనా? ఊళ్లోంచి వచ్చి జిరాక్స్ తీయించుకున్న రైతు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్లు అలా పడే ఉంటాయి. సాయంత్రం షట్టర్ దించేముందు వాటిని తుడిచేయాలి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. కస్టమర్లూ అంతే... ప్రింటు కోసం వాట్సాప్ వెబ్ తెరిస్తే లాగౌట్ చేశాకే కుర్చీలోంచి లేవాలి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి.

ఇప్పుడీ బాధ ఎక్స్‌పీ వాళ్లదే కాదు. విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న సపోర్టు ఆగిపోయింది. విండోస్ 10ని ఇళ్లలో వాడేవాళ్లు విడిగా నమోదైతే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్ల గడువు ఇచ్చారు. కొత్తది కొనక తప్పనివాళ్లు పాతదాన్ని ఎక్స్చేంజీకో, తూకానికో వేసేముందు స్క్రూడ్రైవర్ తెచ్చి హార్డ్‌డిస్క్ విప్పి దగ్గర పెట్టుకోండి. అందులో ఎందరి ఆధార్‌లున్నాయో!