అగ్గితెగులుకు అడ్డుగోడ వరి ఒంట్లోనే

వరి ఆకు మీద నూలుకండె ఆకారపు మచ్చలు కనిపించగానే రైతు మందుల దుకాణానికి పరుగెడతాడు. ట్రైసైక్లజోల్ తెగులును ఆపుతుంది. అయితే బియ్యంలో దాని అవశేషాల పరిమితిని యూరప్ 2017లో కిలోకు 0.01 మిల్లీగ్రాముకు దించేసింది. మందు ఒక్కటే దిక్కనుకుంటే రేపు గింజ అమ్ముకోవడమూ కష్టమే. తెగులును నిలువరించే తొలి గోడను మొక్కే కట్టుకుంటుంది. ఆ గోడను బలపరిచే వనరులు రెండు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి పరిసరాల్లోనే ఉన్నాయి: ఉక్కు కర్మాగారపు కొలిమి చిట్టెం (స్లాగ్), రాయపూర్‌లోని విత్తన నిధి.

అగ్గితెగులు శిలీంధ్ర బీజం తడి ఆకుకు అతుక్కుని గుండ్రటి గదిగా ఉబ్బుతుంది. అందులో ఒత్తిడి 80 వాతావరణ పీడనాల దాకా పెరుగుతుంది. ఆ బలంతోనే అది ఆకు పొరను పొడిచి లోపలికి దిగుతుంది. కాబట్టి పొర ఎంత గట్టిగా ఉందన్నదే మొదటి ప్రశ్న. వరి నేలలోని సిలికాన్‌ను పీల్చి ఆకుల పైచర్మంలో పేర్చుకుంటుంది. బాగా దొరికితే అది మొక్క పొడి బరువులో 10 శాతం వరకూ చేరుతుంది. ఈ సిలికాన్‌ను వేరులోకి తెచ్చే ఎల్‌ఎస్‌ఐ1 జన్యువును జపాన్ శాస్త్రవేత్తలు 2006లో గుర్తించారు. యూరియా మితిమీరితే కథ తిరగబడుతుంది: ఆకు మెత్తబడి తెగులుకు లోకువవుతుంది.

పాముపొడ తెగులుది మరో తీరు. దాన్ని పూర్తిగా తట్టుకునే జన్యువు ఇంతవరకు దొరకలేదు. అక్కడ మొక్క ఆకారానికే విలువ ఎక్కువ. పొట్టిగా, గుబురుగా పిలకలు వేసే రకాల్లో గాలి ఆడదు, తేమ నిలుస్తుంది, తెగులు దుబ్బు నుంచి దుబ్బుకు పాకుతుంది. పడిపోకుండా దిగుబడినిచ్చే పొట్టి రకాలను వదులుకోలేం గానీ, నాట్ల దూరం పాటించడం, ఎరువు తగ్గించడం మన చేతిలో పనే.

జన్యు బలమూ కావాలి. ఒక్క జన్యువు మీద ఆధారపడిన రకాన్ని అగ్గితెగులు శిలీంధ్రం కొన్నేళ్లలో లొంగదీస్తుంది. జపాన్ మెట్ట వరి నుంచి 2009లో వెలికితీసిన పీఐ21 జన్యు రూపాంతరం మాత్రం తెగులు జాతి ఏదైనా కొంతమేర, చాలాకాలం తట్టుకుంటుంది. అలాంటి గుణాలు మన నాటు రకాల్లోనూ ఉండవచ్చు. వరి శాస్త్రవేత్త డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా 1970లలో ఊరూరా రకాలు సేకరించిన నేల ఇది. రాయపూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం నేడు 23 వేలకు పైగా వరి నమూనాలను కాపాడుతోంది. వాటిని అగ్గితెగులు, పాముపొడ కోణంలో జల్లెడ పట్టడం ఆగకూడదు.

ఇక స్లాగ్. కాల్షియం సిలికేట్ నిండిన ఈ పదార్థాన్ని జపాన్ 1955లోనే వరికి సిలికేట్ ఎరువుగా గుర్తించింది. భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది 1959లో. ఇక్కడి స్లాగ్ ప్రధానంగా సిమెంటుకే పోతోంది. సిలికాన్ కొరత గల ఎర్ర, మొరం నేలల ఆమ్లత్వాన్నీ అది తగ్గించగలదు. అయితే పరీక్ష లేకుండా పొలంలో చల్లకూడదు, భార లోహాల లెక్క ముందు తేలాలి. అందుకు కర్మాగారం, విశ్వవిద్యాలయం కలిసి దుర్గ్ జిల్లా పొలాల్లో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేయాలి.

రైతు ఈ ఖరీఫ్‌లోనే చేయగలిగిందీ ఉంది. హెక్టారుకు 5 టన్నుల ధాన్యమిచ్చే పంట 230 నుంచి 470 కిలోల సిలికాన్ తీసుకుంటుంది. అందులో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది. పశువులకు పోగా మిగిలిన గడ్డిని కుళ్లబెట్టి పొలానికే చేర్చాలి. మందుకు ఇచ్చే శ్రద్ధలో సగమైనా మొక్క పుష్టికి ఇస్తే పిచికారీల ఖర్చు తగ్గుతుంది, నేలా కోలుకుంటుంది.