జింకకు శత్రువు పెద్దపులి యొక్కటియేనా?

సంపాదకులకు,

పెద్దపులి కనుమరుగైన మన ప్రాంతములందు దుప్పులకును కృష్ణజింకలకును శత్రువన్నది లేకపోవుటచేతనే అవి చేలమీద పడుచున్నవని సిరిసిల్ల పాఠకులొకరు గత సంచికలో వ్రాసిన లేఖను చదివితిని. పెద్దపులి విషయమున వారి మాట చాలవరకు నిజమే. జగిత్యాలకు ఉత్తరమున గోదావరి దాటి, 2012లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడిన కవ్వాల చేరినగాని దాని ప్రసక్తి రాదు. అయితే చిరుతను వారెట్లు మరచిరో బోధపడలేదు. సిరిసిల్ల గుట్టలలో అది లేగదూడలను చంపిన వార్తలు పత్రికలలో వచ్చుచునే యున్నవి గదా!

అంతకంటె నేర్పరియైన వేటగాడు రేచుకుక్క. చిరుత పొదమాటున పొంచి, దాపునకు వచ్చినదానిపై దూకి గొంతు పట్టును. రేచుకుక్కలట్లు గాక గుంపుగూడి, పట్టపగలే, ఈలవంటి కూతలతో ఒకదానినొకటి పిలుచుకొనుచు, దుప్పి అలసి నీటిలోనికి దిగువరకు తరిమి, ప్రాణముండగనే చీల్చి తినును. చూచువారికిది ఘోరముగా తోచుట సహజము. మైదానములందు కృష్ణజింకకు తోడేలును, పసికూనలకు నక్కయు కొండచిలువయు కలవు.

వేసవిలో నీటికై వచ్చిన జింకలను చంపు ఊరకుక్కలను మాత్రము ఈ జాబితాలో చేర్చరాదు. అవి మన కూడు తిని పెరిగినవి. ఇక లేఖకులు కోరిన వేట అనుమతికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడ్డుపడును. పంటనష్టమునకు అటవీశాఖను పరిహారము కోరుదురేని, ఆ విన్నపముపై నేనును సంతకము చేయుదును.

ఇట్లు,
కోరుట్ల పాఠకుడు