మౌనం అర్ధాంగీకారమట!

లా యూనివర్సిటీల్లో సదస్సులకు కొదవ లేదు. కొత్త తీర్పులపై పత్రాలు, పరిశోధకుల ప్రసంగాలు, రెండేసి రోజుల వర్క్‌షాపులు. 'సమ్మతి' అంటే ఏమిటన్న ప్రశ్న వీటిల్లో తరచూ చర్చకొస్తుంది. సంతోషమే. కానీ తెలుగు నేల మీద జరిగే సదస్సుల్లో కూడా ఆ చర్చ ఇంగ్లీషులోనే ఎందుకు సాగాలి? తెలుగుకి టీ విరామంలోనే చోటెందుకు?

భాషదేముంది, సారం ముఖ్యం కదా అంటారు. సమ్మతి విషయంలో సారమంతా భాషలోనే ఉంది. 'మౌనం అర్ధాంగీకారం' అనే మాట మన ఇళ్ళలో చట్టం కంటే బలంగా పనిచేస్తుంది. పెళ్ళిచూపుల్లో తల వంచుకున్న పిల్ల ఒప్పుకున్నట్టే. ఫిర్యాదు చేయబోయిన స్త్రీకి ఎదురయ్యే 'అప్పుడెందుకు అరవలేదు?' అన్న ప్రశ్న కూడా ఆ నమ్మకంలోంచి వచ్చిందే. ఇంగ్లీషు పత్రం ఎంత పదునైనదైనా ఈ సామెతని తాకదు. తాకని దాన్ని కూల్చేదెలా?

న్యాయ పాండిత్యం గది దాటితే ఏమవుతుందో మనకు తెలుసు. మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక మధుర కేసులో, ఒంటి మీద గాయాలు లేవన్నది ఒక కారణంగా చూపి, 1978లో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. 1979లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగమ్‌వార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నది అందులోని వాదన. స్త్రీలు ఆ వాదనను వీధుల్లోకి తెచ్చారు. 1983లో చట్టం మారింది. సదస్సు పత్రంగానే మిగిలిపోయి ఉంటే ఆ లేఖని ఇవాళ ఎవరు తలుచుకునేవారు?

2013 సవరణ ఇంకా ముందుకెళ్ళింది. శారీరకంగా ఎదిరించకపోయినంత మాత్రాన సమ్మతించినట్టు కాదని చట్టమే చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఆ మాటను నిలుపుకుంది. అంటే చట్టం మన సామెతను కొట్టేసి పుష్కర కాలం దాటింది. ఆ కబురు సామెత వాడేవాళ్ళకి చేరవేసే బాధ్యత ఎవరిది? అదే సంహిత పద్దెనిమిదేళ్ళు నిండిన భార్యపై భర్త చేసే బలాత్కారాన్ని అత్యాచారం నిర్వచనం నుంచి ఇంకా మినహాయిస్తూనే ఉంది. ఈ మినహాయింపు గురించి ఎవరి పడకగదిని ఉద్దేశించి మాట్లాడుతున్నారో, ఆ స్త్రీకి అర్థం కాని భాషలో మాట్లాడటం ఏం న్యాయం?

తెలుగులో పరిభాష లేదన్నది వాళ్ళ చివరి సాకు. గృహహింస, లైంగిక వేధింపు అన్న మాటల్ని నలుగురి నోళ్ళలో నాటింది నిఘంటువులు కాదు, స్త్రీల ఉద్యమాలూ పత్రికలూ.

కాబట్టి అడుగుదాం. స్త్రీల చట్టాలపై చదివే ప్రతి పత్రానికీ తెలుగు పాఠం ముందే ఇవ్వాలి. చర్చలో కనీసం ఒక పూట తెలుగులో సాగాలి. కోర్టు మెట్లెక్కి దిగిన స్త్రీలు కేసు పేర్లుగా కాక ప్రశ్నలు వేసేవాళ్ళుగా ఆ గదిలో కూర్చోవాలి. రాసేవాళ్ళం మనమూ వెళ్ళాలి. చట్టం మనకెందుకులే అని ఊరుకుంటే, మన మౌనాన్ని కూడా అంగీకారం కిందే రాసుకుంటారు.