పటం ఎత్తే భుజాలు



ఈ సంచిక మన బందరుది. మంగినపూడి తీరాన ఇప్పుడు కొత్త రేవు పనులు సాగుతున్నాయి. 1611లో ఇంగ్లీషువాళ్లు వర్తకానికి దిగింది ఈ ఊళ్లోనే. వాళ్లకంటే ముందే డచ్చివాళ్లు వచ్చారు, తర్వాత ఫ్రెంచివాళ్లు. మన కలంకారీ అద్దకాలు ఇక్కడినుంచే సముద్రాలు దాటాయి. 1864 నవంబరు 1 ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. రేవు మళ్లీ వస్తోందంటే మాకూ సంబరమే. కానీ ఓడల లెక్కలే ఊరి కథ అంటే ఒప్పుకోలేం.

అందుకే బందరుకోట శిథిలాలు, డచ్చి సమాధులు చూడబోయిన మా రచయితలను ఈడేపల్లి శక్తిగుడి దగ్గర కూడా ఆగమన్నాం. అక్కడ దసరా రాత్రుల్లో పటం ఎత్తేవాళ్ల వీపున బరువైన శక్తిపటం, ముఖాన కాళికమ్మ రూపు, డప్పు దరువుకు తగ్గ అడుగులు. ఆ మోసేవాళ్లను చూస్తే పాత రేవు గుర్తొస్తుంది. దొరల కాలపు కాగితాల్లో వర్తకుల పేర్లున్నాయి. బట్టల మూటలు పడవకెత్తిన భుజాల పేర్లు అరుదు. ఇందులోని రచనలన్నీ ఏదో ఒక చోట ఆ మోసే మనుషుల దగ్గరికే చేరాయి. మేం చెప్పి రాయించింది కాదది, ఊరే అలా రాయించింది.

పటాలు కోనేరు సెంటరుకు బయలుదేరే వేళకు ఈ సంచిక మీ చేతిలో ఉంటే, కాసేపు పక్కనపెట్టి వెళ్లి చూసి రండి.