మెడలో బిళ్లలు లేవు, లింఫోమా ఎలా వచ్చింది?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఏడాదిగా కడుపులో మంట. ఎండోస్కోపీలో పుండు కనిపిస్తే చిన్న ముక్క తీసి పరీక్షించి, 'మాల్ట్ లింఫోమా, తొలిదశ' అన్నారు. మెడలోగాని చంకల్లోగాని బిళ్లలు కట్టలేదే! పైగా రెండు వారాలు యాంటీబయాటిక్ మందులు వాడి చూద్దామంటున్నారు. కాన్సర్‌కు ఆ మందులేమిటి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ డాక్టరుగారు చెప్పింది సబబైన మాటే. లింఫోసైట్లనే తెల్లరక్తకణాల్లో పుట్టే కాన్సర్ లింఫోమా. ఈ కణాలు లింఫు గ్రంథుల్లోనే కాక, శరీరంలో అనేకచోట్ల ఉంటాయి. అందువల్ల హాడ్జ్‌కిన్ రకం కాని లింఫోమాల్లో సుమారు నాలుగోవంతు నుంచి మూడోవంతు దాకా గ్రంథుల బయటే మొదలవుతాయి. ఎక్కువగా వచ్చే చోటు జీర్ణాశయం. చర్మం, చిన్నపేగు, థైరాయిడ్, కన్ను, మెదడు, వృషణాల్లోనూ రావచ్చు.

హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి జీర్ణాశయంలో ఏళ్లతరబడి తిష్ఠ వేస్తే, దాన్ని ఎదుర్కోవడానికి లింఫోసైట్లు అక్కడికి చేరతాయి. బహు అరుదుగా కొందరిలో అవే అదుపు తప్పి లింఫోమాగా మారతాయి. తొలిదశలో వాటి పెరుగుదలకు ఆ క్రిమే ఊతం. క్రిమి నశిస్తే చాలామందిలో లింఫోమా కూడా కరిగిపోతుంది. 1993లో 'లాన్సెట్' వైద్యపత్రికలో వచ్చిన నివేదికలో, ఇలా చికిత్స పొందిన ఆరుగురిలో ఐదుగురికి లింఫోమా కనిపించకుండా పోయింది. క్రిమి ఉన్న తొలిదశ రోగులకు నేడు మొదటి చికిత్స ఇదే.

అయితే మంట తగ్గిందని మందులు మధ్యలో మానకూడదు. మందులు పూర్తయి కనీసం నాలుగు వారాలయ్యాక, క్రిమి పోయిందో లేదో శ్వాస పరీక్షతోనో మల పరీక్షతోనో చూడాలి. పుండు మానినట్లు కనిపించినా ఎండోస్కోపీ చేసి మళ్లీ ముక్క తీయించాలి. లింఫోమా పూర్తిగా పోవడానికి ఒక్కోసారి ఏడాది దాటుతుంది. తగ్గనివారికి రేడియేషన్ చికిత్స బాగా పనిచేస్తుంది. త్వరగా పెరిగే రకమైతే మాత్రం కీమోథెరపీ తప్పదు.

పాఠకులందరికీ ఒక మాట. 'గ్యాసు' అనుకుని నెలలతరబడి దుకాణంలో మాత్రలు కొని మింగకండి. ఆ మాత్రల్లో కొన్ని పైలోరీ పరీక్షలో క్రిమి కనబడకుండా చేస్తాయి. బరువు తగ్గినా, రక్తం తగ్గి పాలిపోయినా, వాంతులు ఆగకపోయినా, విరేచనం తారులా నల్లగా అయినా వెంటనే ఎండోస్కోపీ చేయించుకోండి. మామూలు పుండో, లింఫోమావో, మరో కాన్సరో కంటితో చూసి చెప్పలేం. ముక్క పరీక్షే తేల్చాలి.

మీ నాన్నగారికి ధైర్యం చెప్పండి. మందుల కోర్సు పూర్తి చేయించండి. తర్వాతి పరీక్షలకు తప్పకుండా తీసుకెళ్లండి.