పురుగు మీద పెట్టే డబ్బు

మట్టిలో బతికే మిల్లీమీటరు పురుగులో ఒక జన్యువు చెడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ప్రభుత్వం డబ్బెందుకు ఇవ్వాలి? భీమవరంలో నా దగ్గర డిగ్రీ జువాలజీ చదివిన ఒకమ్మాయిని పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఇదే అడిగారు. ‘రైతుకేం లాభం, రోగికేం లాభం, రెండు ముక్కల్లో చెప్పమ్మా’ అన్నారట. పిల్ల తడబడింది. సీటు రాలేదు. అడిగినవాళ్లను నేను తప్పుపట్టను, దరఖాస్తు ఫారంలోనే ఆ ప్రశ్నకో గడి ఉంది. ప్రాథమిక పరిశోధన ఫారాల్లోంచి ఆ గడిని తీసేయాలని నేను గట్టిగా అంటున్నాను. ఎందుకో ఆ పురుగే చెబుతుంది.

సీ. ఎలిగాన్స్ అనే ఆ నులిపురుగు మీద 1980లలో అమెరికాలోని ఎంఐటీలో, రాబర్ట్ హోర్విట్జ్ ల్యాబ్‌లో, విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ అనే ఇద్దరు కుర్రవాళ్లు పనిచేశారు. లిన్-4 అనే జన్యువు చెడిన పురుగు ఒళ్లు పెరుగుతుంది గానీ పిల్లచేష్టలు మానదు. మొదటి లార్వా దశలో చేయాల్సిన పనులే మళ్లీ మళ్లీ చేస్తుంది. గుడ్లు పెట్టే దారి ఏర్పడదు, గుడ్లు తల్లి కడుపులోనే పిల్లలవుతాయి. లిన్-14 పనిచేయకపోతే అంతా తారుమారు: పురుగు తొలి దశల్ని దాటేసి తొందరపడుతుంది. మొదటిది రెండోదాన్ని అదుపు చేస్తోందని తెలుసు. ఎలా చేస్తోందన్నదే చిక్కు.

తర్వాత ఇద్దరూ వేర్వేరు చోట్ల సొంత ల్యాబులు పెట్టుకున్నారు. హార్వర్డ్‌లో ఆంబ్రోస్ బృందం లిన్-4ను పట్టుకుని చూస్తే అందులోంచి ప్రొటీనే రావడం లేదు. వచ్చేదల్లా 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ముక్క. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో రువ్‌కున్ బృందానికి ఇంకో వింత కనిపించింది. లిన్-14 నుంచి సందేశం, అంటే ఎంఆర్‌ఎన్‌ఏ, తయారవుతూనే ఉంది, ప్రొటీన్ మాత్రం ఆగిపోతోంది. 1992 జూన్‌లో ఇద్దరూ తమ అక్షరాలను పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఆ చిన్న ముక్క ఈ సందేశం తోకకు చాలా చోట్ల అతుక్కునేలా ఉంది! 1993లో రెండు పేపర్లూ ‘సెల్’ పత్రికలో వచ్చాయి. ఆంబ్రోస్ బృందం పేపర్లో మొదటి పేరు ఆయన భార్య రోజలిండ్ లీది. 2024లో ఆంబ్రోస్, రువ్‌కున్‌లకు నోబెల్ వచ్చినప్పటి వార్తల్లో ఆ పేరు ఇంకా పెద్దగా వినబడి ఉండాల్సింది.

డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, దాన్నుంచి ప్రొటీన్ అని ఏటా బోర్డు మీద బాణాలు గీసి చెప్పేదాన్ని. మన కాలేయ కణంలోనూ నరాల కణంలోనూ ఉన్నది ఒకే డీఎన్‌ఏ. ఏ కణంలో ఏ ప్రొటీన్ ఎంత తయారవ్వాలన్నది తేలాలి కదా. ఆ రెండో బాణం మీద కూర్చునేదే మైక్రోఆర్‌ఎన్‌ఏ. జడపిన్నులా మడతపడిన పొడవాటి ఆర్‌ఎన్‌ఏని డ్రోషా, డైసర్ అనే ఎంజైములు కోసి చిన్నముక్క చేస్తాయి. ఆర్గొనాట్ అనే ప్రొటీన్ ఆ ముక్కను పట్టుకుని సందేశాల తోకల్ని వెతుకుతుంది. ఏడెనిమిది అక్షరాలు జతపడితే చాలు, ఆ సందేశం నుంచి ప్రొటీన్ తయారీ తగ్గుతుంది, సందేశం త్వరగా చెరిగిపోతుంది. చాలాసార్లు ఇది ఫ్యాన్‌కి రెగ్యులేటర్ లాంటిది, తిరగడం పూర్తిగా ఆపదు, వేగం తగ్గిస్తుంది. ఒకే మైక్రోఆర్‌ఎన్‌ఏ వందల సందేశాల మీద పనిచేయగలదు.

ఇంత పెద్ద సంగతిని 1993లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఏదో పురుగు తాలూకు వింత అనుకున్నారు. 2000లో రువ్‌కున్ బృందం లెట్-7 అనే ఇంకో ముక్కను కనిపెట్టి, అది ఈగలోనూ చేపలోనూ మనిషిలోనూ ఉందని చూపించాకే ప్రపంచం కదిలింది. ఆ ఏడేళ్లూ ఎవరో ఒకరు జీతాలిచ్చారు, పురుగుల్ని బతికించుకోనిచ్చారు. నేను అడిగేది ఆ ఏడేళ్ల డబ్బు గురించే.

ఇక లాభాల లెక్క. 2002లో కార్లో క్రోచే బృందం ఒకరకం రక్తక్యాన్సర్లో రెండు మైక్రోఆర్‌ఎన్‌ఏ జన్యువులు తరచూ ఊడిపోతున్నాయని చూపింది. ఇంకో మైక్రోఆర్‌ఎన్‌ఏలో ఒక్క అక్షరం మారితే వంశపారంపర్యంగా చెవుడు వస్తోందని 2009లో తేలింది. మా జిల్లా రైతుకు చెప్పాలంటే 2010 నాటి సంగతి ఉంది. వరిలో ఒక జన్యువు తన మైక్రోఆర్‌ఎన్‌ఏ పట్టునుంచి కాస్త తప్పించుకుంటే పనికిరాని పిలకలు తగ్గి, కాండం గట్టిపడి, కంకికి గింజలు పెరిగాయని చైనా, జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. రోగీ ఉన్నాడు, రైతూ ఉన్నాడు. కానీ 1985లో ఆంబ్రోస్‌ను రెండు ముక్కల్లో చెప్పమంటే ఏం చెప్పగలడు?

ఆ ఆంబ్రోస్‌కి కూడా హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు, డార్ట్‌మత్‌కి వెళ్లిపోయాడు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుకీ అదే హార్వర్డ్ అదే పనిచేసింది. కణానికి శక్తినిచ్చే ఏటీపీని వెలికితీసిన మనిషి 1940లో ఒక మందుల కంపెనీలో చేరాల్సి వచ్చింది. అంత గొప్ప విశ్వవిద్యాలయమే మనిషి విలువను ముందుగా కొలవలేకపోయినప్పుడు, మన ఫారంలోని ఒక గడి ఎలా కొలుస్తుంది?

2020-21 లెక్కల ప్రకారం మన దేశం పరిశోధన మీద పెట్టింది జీడీపీలో 0.64 శాతం. 2023లో చట్టంతో ఏర్పడ్డ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు ఐదేళ్లలో 50 వేల కోట్లు అన్నారు, అందులో ఎక్కువ భాగం ప్రైవేటు రంగం నుంచి రావాలన్నారు. ప్రైవేటు కంపెనీ లాభం అడగడం న్యాయమే, అందుకే ఖజానా నుంచి వచ్చే వాటాలో కొంత భాగాన్ని లాభం అడగని పరిశోధనకు కేటాయించాలి. ప్రశ్న ఎంత బాగుంది, ప్రయోగం ఎంత నిజాయితీగా ఉంది అన్నవి మాత్రమే చూసి ఆ డబ్బివ్వాలి. కనీసం ఏడెనిమిదేళ్లకు ఒకేసారి మాటివ్వాలి, మూడేళ్లకోసారి మళ్లీ మొదటికి తేకూడదు. పీహెచ్‌డీ పిల్లలకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 37 వేలు ఏ నెలకానెల పడాలి. నెలల తరబడి ఫెలోషిప్ రాక ఇంట్లో అప్పుచేసి హాస్టల్ ఫీజు కడుతున్న పిల్లలు నాకు తెలుసు. ముందు ఆ బకాయిలు తీర్చండి.