ఆ లెక్క ఎవరి దగ్గరుంది?

మొన్న మా యూనివర్సిటీలో పీహెచ్‌డీ స్కాలర్లకి కెరీర్ డెవలప్‌మెంట్ వర్క్‌షాపు పెట్టారు. పొద్దున సీవీ రాయడం, మధ్యాహ్నం లింక్డ్‌ఇన్, సాయంత్రం సమోసా, సర్టిఫికెట్. చివర్లో ఓ అమ్మాయి లేచి అడిగింది: "సార్, మన డిపార్ట్‌మెంట్లో పీహెచ్‌డీ చేసినవాళ్లంతా ఇప్పుడెక్కడున్నారు?"

వేదిక మీదివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ లెక్క ఎవరి దగ్గరా లేదు. నా గొడవంతా దాని గురించే.

లోపం స్కాలర్లోనే ఉందని ఈ వర్క్‌షాపుల నమ్మకం. నీకు మాట్లాడ్డం రాదు, నలుగురితో కలవడం రాదు, అందుకే ఉద్యోగం రాలేదు. సరే, మరి నిబంధనల సంగతో? యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే 2021 జూలై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి అని యూజీసీ 2018లో చెప్పింది. తర్వాత ఆ గడువుని 2023 జూలైకి జరిపింది. తీరా ఆ రోజొచ్చేసరికి నెట్టో సెట్టో ఉంటే చాలంది. మొదటి మాట నమ్మి థీసిస్‌లో తలదూర్చినవాళ్లకి ఏ సాఫ్ట్ స్కిల్ నేర్పిస్తారు?

ఇక డబ్బు. జేఆర్ఎఫ్ ఉంటే 2023 నుంచి మొదట్లో నెలకి 37,000. లేకపోతే సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్-నెట్ ఫెలోషిప్ 8,000. హాస్టల్ ఒకటే, లైబ్రరీ ఒకటే, గైడూ ఒకరే. ఆ జేఆర్ఎఫ్ అయినా ఐదేళ్లకి ఆగిపోతుంది. థీసిస్‌కి గడువేమో ఆరేళ్లు. ఆ ఆరో ఏడు ఎవరింట్లో తినాలి? నేనిప్పుడు ఆ ఆరో ఏట్లోనే ఉన్నా.

ఇంకోపక్క, "జ్ఞానం కోసం వచ్చావా, ఉద్యోగం కోసం వచ్చావా?" అనే గైడ్లున్నారు. ఈ ప్రశ్న పర్మనెంట్ జీతం తీసుకునేవాళ్ల నోటినుంచే వస్తుంది. గెస్ట్ లెక్చరర్ ఒక్కరూ ఇలా అనగా నేను వినలేదు.

వర్క్‌షాపులు వద్దనను. అనువాదం, ఎడిటింగ్, సబ్‌టైటిళ్లు, పాఠ్యపుస్తకాల తయారీ లాంటి దారులుంటే మూడో ఏడే చూపించండి, థీసిస్ ఇచ్చేశాక కాదు. కానీ అంతకన్నా ముందు గత పదేళ్లలో ఎందరు చేరారు, ఎందరు మధ్యలో మానేశారు, పూర్తిచేసినవాళ్లకి ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడేం చేస్తున్నారు అన్నది నోటీసు బోర్డు మీద అంటించండి. పేర్లక్కర్లేదు, అంకెలు చాలు. అడ్మిషన్ ఇంటర్వ్యూకొచ్చే పిల్లలు అది చదివి లోపలికి రావాలి.

చదివాక కూడా వస్తారా అంటే, వస్తారు. నేనూ వచ్చేవాణ్ణే. కాకపోతే తెలిసి వచ్చేవాణ్ణి.